పిలుపు వదలని వానాకాలం

మృగశిర కార్తె, మొదటి రోజు

చెవిగారూ, వినపడుతోందా? వినపడకపోతే చెప్పండి, ఇంకాస్త గట్టిగా అరుస్తాను. ఉప్పుగట్టు మీద పుట్టినవాళ్ళకు గొంతు తగ్గించి మాట్లాడడం చేతకాదు. ఇక్కడ రోజంతా గాలితో పోటీపడి మాట్లాడాలి.

మీ అసలు పేరు రుణార్హతా శ్రవణ యంత్రం అని వాహన రుణ సంస్థవాళ్ళు చెప్పారు. అంత పేరు రోజూ పలకడం నావల్ల కాదు. చొక్కా కాలరుకు గుచ్చుకున్న ఈ బిళ్ళను చూసి మా వాళ్ళంతా చెవి అన్నారు. సంస్థ తరఫున వచ్చారు కాబట్టి నేను గారు చేర్చాను. కోపం లేదుగా.

నా పేరు వీరవేణి. వేణి అంటారు. నేను పిలుపు కూలీని. పొద్దున్నే గాలిమర కింద అడ్డాలో కూర్చుంటాం. మణికట్టు మీద పట్టీ మోగితే ఎక్కడో పని ఉన్నట్టు. ఒప్పుకుంటే మనది, వదిలేస్తే పక్కవాళ్ళ పట్టీకి పోతుంది. ఒకరోజు సముద్రపు గోడకు పట్టిన గుల్లలు గీకుతాం, ఒకరోజు నీళ్ళ మీద తేలే సూర్యపలకల మీద ఉప్పు తుడుస్తాం. ఇవాళ ఒక యజమాని, రేపు ఇంకొకరు. కూలి చేతిలో పెట్టి పొమ్మంటారు, జీతం చీటీ ఇచ్చే నాథుడు ఒక్కడూ లేడు.

నాకు కారు కావాలి. స్టీరింగు ఉన్న కారు. తమంతట తామే నడిచే బుద్ధిబండ్లు మా గట్టు మీదికి రావు. రోడ్డు మీద చెంబెడు నీళ్ళు కనపడితే చాలు, ఆగిపోయి 'క్షేమం కోరి దిగగలరు' అంటాయి. ఇక్కడ నీళ్ళు లేని రోడ్డు ఎక్కడుంది? దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతులో నడుచుకుంటూ పనికి పోతాం. మేం చేరేలోపు ఆ పని ఇంకెవరికో ఇచ్చేస్తారు. అందుకని సొంతంగా ఒక గట్టుబండి నడుపుదామని నా ఆశ. మా అడ్డా జనాన్ని పొద్దున్నే పనిచోట్లకు దింపి, సాయంత్రం ఎక్కించుకుని వస్తాను. అప్పుడు నాకూ రోజూ ఉండే పని ఒకటి ఏర్పడుతుంది.

సంస్థ ఆఫీసులో ఒక కుర్రాయన అడిగాడు, ఎప్పుడైనా పిలుపు వదిలావా అని. వదలకపోవడమేంటండీ, బోలెడన్నిసార్లు వదిలానన్నాను. ఆయన ముఖం చిట్లించి నిలకడ లేదన్నాడు. అయినా పోనీలే అని ఒక అవకాశం ఇచ్చాడు. ఈ మృగశిర నుంచి హస్త కార్తె దాటేదాకా రోజూ పనికి వెళ్ళాలి, వచ్చిన పిలుపు ఒక్కటి కూడా వదలకూడదు. మీరు నా కాలరు మీదే ఉండి వింటారు. పొద్దుగూకేటప్పుడు నేను ఆరోజు సంగతులు మీకు చెప్పాలి, మీరు రెండు ప్రశ్నలు అడుగుతారు.

ఆఁ, అడిగారు. పనికి వెళ్ళాను. పిలుపు వదలలేదు. అదేంటండీ, 'వెళ్ళితిరా, వదిలితిరా' అని హరికథ చెప్పినట్టు అడుగుతారు?

మృగశిర, ముసురు పట్టిన రోజు

ఇవాళా వదలలేదు. కానీ మునుపు ఎందుకు వదిలేదాన్నో చెప్పకపోతే మీరు నన్ను సోమరిపోతు అనుకుంటారు. ఆ మాట మాత్రం పడను.

మా అడ్డాలో ఒక తుంగచాప ఉంటుంది. మిగతావాళ్ళం అరుగు మీద కూర్చుంటాం. ఎవరింట్లో ఆ రోజు పని తప్పనిసరో వాళ్ళు వచ్చి చాప మీద కూర్చుంటారు. ఇక పిలుపు ఎవరి పట్టీకి వచ్చినా వదిలేస్తూ పోతాం, అది చాప మీది మనిషికి చేరేదాకా. ఎందుకు కూర్చున్నావని అడగకూడదు. ముఖంలోకి చూడకూడదు. సముద్రం ఊళ్ళోకి వచ్చిన ఏడాది ఎవరో పెట్టిన పద్ధతి. అందులో ఉన్నదల్లా అంతే.

నాకు పెళ్ళీ పిల్లలూ లేరు. మా అమ్మ చెల్లెలు నూకరత్నం పిన్ని ఇంట్లో ఉంటాను, ఇద్దరం కూలికి పోతాం. అందుకని అందరికంటే ఎక్కువగా వదిలింది నేనే. ఆఫీసు కుర్రాయన దాన్ని నిలకడలేనితనం అన్నాడు. ఆయన్ని ఒక్కరోజు మా అరుగు మీద కూర్చోబెట్టాలి.

వానాకాలంలో పిలుపులు తక్కువ. కొన్ని రోజులు అడ్డా మొత్తానికి ఒక్కటే మోగుతుంది. మరి నేను రోజూ పనికి పోయేదెట్లా? ఈ సంగతి చెప్పగానే నూకరత్నం పిన్ని లేచి చాప దులిపింది.

"హస్త దాటేదాకా ఈ చాప నీదే. కూకోవే" అంది.

"కారు కోసం చాప ఎక్కడమేంటి పిన్నీ, సిగ్గు కదా" అన్నాను.

"సిగ్గుపడేదానివి కారెందుకు కోరుకున్నావ్? మేమందరం ఒప్పుకున్నాం. నోరు మూసుకుని కూకో."

మాతోపాటే కూలికొచ్చే సూరిబాబు అరుగు మీద నుంచి అందుకున్నాడు. వాడికి ప్రతి మాటలో తన వాటా తనకు కావాలి. "ముందు సీటు నాదేనండోయ్. ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత దెబ్బలాటలొద్దు" అన్నాడు.

కూర్చున్నాను చెవిగారూ. ఎవరూ నా ముఖంలోకి చూడలేదు. అదే నాకు ఏడుపు తెప్పించింది.

ఆరుద్ర, తెరిపిచ్చిన రోజు

ఇవాళ పని త్వరగా అయిపోతే పడవెక్కి రావులపాలెం యార్డుకు పోయి కారు చూసి వచ్చాను. లేత నిమ్మపండు రంగు. ఒక తలుపు మాత్రం నీలం, ఎక్కడి నుంచో తెచ్చి తగిలించారు. లోపల కూర్చుంటే పాత రెక్సిను వాసన. స్టీరింగు పట్టుకున్నాను. పిన్ని మొగుడు బతికుండగా ఆయన ఆటో మీద నేర్చుకున్న చేతులు, ఏదీ మర్చిపోలేదు. యార్డు ఆసామి స్వాతి కార్తె దాకా ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు. తర్వాత మాత్రం కుదరదన్నాడు, స్టీరింగు బండ్లు ఇప్పుడు దొరకడం లేదట.

ఒక మాట ఒప్పుకుంటాను. అడ్డా కోసం, పని కోసం అని అందరితో చెప్పుకుంటున్నాను గానీ, అసలు నాకు కారంటే పిచ్చి. దాని మీద ఊరికే చెయ్యేసి నిలబడినా బావుంటుంది.

రాత్రికి పచ్చిరొయ్యలు, మామిడికాయ వండుకుంటున్నామని చెప్పాను. మీరు మామూలుగా రెండు ప్రశ్నలు అడిగారు. కాసేపాగి, మూడోది అడిగారు. 'రొయ్యలు ముందు వేయుదురా, మామిడికాయ ముందు వేయుదురా?'

నేను హడలిపోయాను. పిన్నిని కేకేశాను.

"ఖర్చులు ఆరా తీస్తున్నారే" అంది పిన్ని, గొంతు తగ్గించి. తర్వాత నా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుని బిళ్ళతో చెప్పింది. "రొయ్యలు మేమే పట్టుకున్నామండి, కొనలేదు. మామిడికాయ కూడా పక్కింటోళ్ళదేనండి, ఆయ్."

అవన్నీ నిజాలే చెవిగారూ. రొయ్యలు ముందు వేస్తాం, ఉప్పు పసుపు వేసి నీరు ఇగిరేదాకా. ఇది కూడా రాసుకోండి.

పునర్వసు, ఈదురుగాలి రోజు

మీరు ఇవాళ మళ్ళీ లేనిపోని ప్రశ్న వేశారు. 'సముద్రము ఎంత దూరము కనపడును?' అని.

పని నుంచి తిరిగొచ్చి అందరం అడ్డాలోనే ఉన్నాం. సంస్థవాళ్ళు మా ఇల్లు మునుగుతుందా లేదా అని చూస్తున్నారని అందరికీ అర్థమైంది. మునిగే ఇంటివాళ్ళకు అప్పు ఎవరిస్తారు?

సూరిబాబు వచ్చి నా కాలరు మీద వంగాడు. "సముద్రం అస్సలు కనపడదండి. అదేదో ఉందని అంటారు గానీ మేమెవరం చూళ్ళేదు" అన్నాడు. వాడు అలా చెబుతుండగానే అల ఒకటి గోడ మీద విరిగి మా అందరి నెత్తిన పడింది.

మీలోంచి ఏదో చప్పుడొచ్చింది. నవ్వులాంటిది. మిషనుకు నీళ్ళు తగిలాయేమోనని పొడిగుడ్డతో తుడిచాను. మీకేదైనా అయితే నా కారు గతేంటి?

పుష్యమి, రెండు రోజులుగా వాన

ఇవాళ అడ్డా మొత్తానికి ఒకే పిలుపు. సూరిబాబు పట్టీకి వచ్చింది. వదిలాడు. ఆ పక్కన ఏసుపాదం బాబాయ్‌కి వెళ్ళింది. ఆయన వదిలాడు. అలా అరుగంతా తిరిగి నాకు చేరింది. నేను లేచి పనికి పోతుంటే వెనక ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మామూలుగా అయితే పని దొరకనివాళ్ళంతా పులీమేకా ఆడుకుంటూ గోల చేస్తారు.

ఏసుపాదం బాబాయ్ గురించి మీకు చెప్పలేదు కదూ. మాకు చుట్టం కాదు, నాకు పని నేర్పిన మనిషి. గోడ మీద నుంచి తాడుతో దిగేటప్పుడు ముడి ఎలా వేయాలో, అల వస్తుంటే ఎటు తిరగాలో ఆయనే చెప్పాడు. నన్ను అమ్మడూ అంటాడు. ఆయన భార్య దీనమ్మ గారు నడుం పడిపోయి మంచంలోనే ఉంటారు, రోజూ ఆయనే వండి రెండు గిన్నెల క్యారేజీ తెస్తాడు. ఒక గిన్నె ఆయనకు. రెండోది ఎవరు ఖాళీగా కనపడితే వాళ్ళకు. వద్దంటే ఊరుకోడు. "తినకపోతే కాళ్ళు తడబడతాయి, గోడ మీద నుంచి పడతావ్, నాకు పాపం చుట్టుకుంటుంది" అంటాడు.

ఇవాళ ఆయన ఒక గిన్నె క్యారేజీ తెచ్చుకున్నాడు. రెండో గిన్నె ఏదంటే సొట్ట పడిందన్నాడు.

వెళ్ళాను. వదలలేదు.

ఆశ్లేష, మబ్బు రోజు

ఏసుపాదం బాబాయ్ క్యారేజీ తేవడం మానేశాడు.

మధ్యాహ్నం పిన్ని నాకు కట్టిన అన్నంలో సగం తీసి ఆయనకు ఇవ్వబోయాను. వద్దన్నాడు.

"ఉపవాసం అమ్మడూ. శ్రమల దినాలు కదా" అన్నాడు.

సరేననుకుని తినేశాను. ఇంటికి పోయే దారిలో గుర్తొచ్చింది. శ్రమల దినాలు ఎండాకాలం ముందు కదా వచ్చేది. మట్టల ఆదివారం నాడు ఆయనే నాకు ఈతమట్ట ఇచ్చాడు. ఈస్టరు పండగ కూడా అయిపోయింది, ఆ రోజు వాళ్ళింట్లో బిర్యానీ కూడా తిన్నాను. నాకు గుడి సంగతులే తెలుసు, చర్చి సంగతులు తెలియవని ఆయన ధైర్యం.

చెవిగారూ, ఆయనకు చాప కావాలి. చాప మీద నేనున్నాను.

మఖ, ఉక్కగా ఉన్న రోజు

పిన్నితో దెబ్బలాడాను. చాప దిగిపోతానన్నాను.

"దిగితే ఇన్ని కార్తెలు మేం వదిలిన పనులన్నీ గంగలో కలిసిపోతాయి. సూరిబాబు పెళ్ళాం గాజులు తాకట్టు పెట్టింది, తెలుసా నీకు? అవన్నీ దేనికనుకున్నావ్?" అంది.

"నేనడిగానా? బాబాయ్ తిండి మానేశాడు పిన్నీ."

"నాకు తెలీదనుకున్నావా? నేను నిన్న గంజి పట్టుకెళ్తే తలుపు తీయలేదు. నువ్వు దిగితే ఆయన అసలు అడ్డాకే రాడు. తన మూలాన నీ కారు పోయిందంటే ఆ మనిషి తట్టుకోలేడు."

తర్వాత పిన్ని నా తలకు నూనె పెట్టింది, చెంప మీద ఒకటి కొట్టినంత గట్టిగా.

మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను ఇవాళ. ఒక్క పిలుపు, ఒకే ఒక్కటి, తప్పనిసరై వదిలితే మినహాయింపు ఏదైనా ఉందా అని. మీరు 'నిబంధనలలో లేదు' అన్నారు. అన్నాక తుమ్మారు. మిషనుకు జలుబేంటో నాకు అర్థం కాలేదు, మీ లోపలికి ఉప్పుగాలి పోయి ఉంటుంది.

ఉత్తర, వాన లేని రోజు

ఏసుపాదం బాబాయ్ రోజూ వస్తున్నాడు. అరుగు చివర స్తంభానికి ఆనుకుని నిలబడతాడు, కూర్చోడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయమేమో. అందరికంటే ముందు నవ్వుతాడు. నేను పనికి పోయేటప్పుడు నా నిచ్చెన తనే ఎత్తుకుని గట్టు చివరిదాకా తెచ్చిపెడతాడు.

"ఎన్నాళ్ళో లేదమ్మడూ, వచ్చేసింది హస్త" అంటాడు.

దీనమ్మ గారికి నేను దొంగచాటుగా అన్నం పంపిస్తున్నాను, సూరిబాబు చెల్లెలి చేత. ఆవిడ తింటున్నారట. ఆ సంగతి ఆయనకు మాత్రం తెలియనివ్వడం లేదట. ఆయనేమో అడ్డాలో తిన్నానని ఆవిడతో అంటున్నాడట. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటున్నారు.

నాకు కారు మీద కోపం వస్తోంది. దాని నీలం తలుపు మీద కూడా.

హస్త, తుఫాను ముందు రోజు

ఇవాళ్టి సంగతి మెల్లగా చెబుతాను, వినండి. అడ్డు రావద్దు.

హస్త అయిపోవచ్చింది. పొద్దున ఆకాశం ఇనుపరేకులా ఉంది. తుఫాను వస్తోందని అడ్డాకు ఎవరూ రారనుకున్నాను, అందరూ వచ్చారు. నా గడువు ఆఖరి రోజులు చూద్దామని వచ్చారు. సూరిబాబు పూలదండ ఎక్కడ దొరుకుతుందో మాట్లాడుతున్నాడు, కారుకు వేయడానికి.

పిలుపు వచ్చింది. గోడకు ఇసుక బస్తాలు పేర్చాలి. కూలి మామూలుకు రెట్టింపు. పిన్ని పట్టీకి వచ్చింది, వదిలింది. సూరిబాబు వదిలాడు. స్తంభం దగ్గర నిలబడ్డ ఏసుపాదం బాబాయ్ పట్టీ మోగింది. ఆయన వదలడానికి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, మోకాళ్ళు మడతపడిపోయాయి. కిందికి జారి, చాప అంచు మీద, నా పక్కన కూలబడ్డాడు. ఆ జారడంలో ఆయన వేలు తగిలి పిలుపు వదిలినట్టయింది. అది నా పట్టీకి వచ్చి మోగడం మొదలుపెట్టింది.

అడ్డాలో అందరూ ఒక్కసారి సముద్రం వైపు తిరిగారు. చాప మీద కూర్చున్న మనిషి ముఖంలోకి చూడకూడదు కదా. ఇన్నేళ్ళలో చాప మీద ఇద్దరు కూర్చోవడం ఎప్పుడూ లేదు. అప్పుడు ఏం చేయాలో ఎవరికీ తెలీదు.

"కాదమ్మడూ, నేను కూర్చోలేదు" అన్నాడు బాబాయ్. లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించాడు. లేవలేకపోయాడు. "కాలు తిమ్మిరెక్కింది, అంతే. నువ్వెళ్ళు. పట్టీ మోగుతోంది చూడు, నువ్వెళ్ళు."

ఆయన చెయ్యి పట్టుకుంటే ఎముక తగిలింది.

వదిలేశాను చెవిగారూ. మీరూ విన్నారు ఆ చప్పుడు. పిలుపు అరుగు చుట్టూ తిరిగి మళ్ళీ ఆయన పట్టీకే చేరింది. అందరూ వదిలారు, పిన్ని కూడా. ఆయన వద్దువద్దంటూ ఏడుస్తుంటే నేనే ఆయన వేలు పట్టుకుని ఒప్పుకున్నట్టు నొక్కించాను. పిన్ని తన అన్నం మూట విప్పి ముద్దలు చేసి నోట్లో పెట్టింది, ముఖంలోకి చూడకుండా. సూరిబాబు, ఇంకో ఇద్దరు ఆయనతో వెళ్ళి ఆయన పేరు మీద బస్తాలు మోశారు. కూలి ఆయన చేతిలో పెట్టి ఇంటిదగ్గర దింపి వచ్చారు.

నేను చాప మీదే కూర్చుండిపోయాను. ఇవాళ నాకు పని లేదు. కారూ లేదు. ఏడవలేదు, ఏడుపు రావడం లేదు. కోపంగా కూడా లేదు. బాబాయ్ అన్నం తిన్నాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

అదే హస్త, మర్నాడు

ఇది చెవిలో చెప్పింది కాదు. ఇది నేను సొంతంగా రాసుకుంటున్నది. నిన్న సాయంత్రం జరిగింది ఎవరికీ చెప్పలేదు, పిన్నికి కూడా.

నేను అడగమన్నాను కదా. 'ఈ దినము పనికి వెళ్ళితిరా? పిలుపు వదిలితిరా?' అని ఆ చప్పిడి గొంతు అడిగింది.

"వెళ్ళలేదు. వదిలాను. రాసుకోండి" అన్నాను.

ఏదో టక్కుమంది. తర్వాత ఇంకో గొంతు వచ్చింది. ఆడపిల్ల గొంతు. జలుబు చేసి కాస్త బొంగురుగా ఉంది.

"అక్కా, ఈ పొద్దు గాలి శానా ఉండాది. నాకేం ఇనపళ్ళేదు."

కాలరు మీద బిళ్ళను రెండు చేతులతో పట్టుకున్నాను. "ఎవరు నువ్వు?"

"నేనేక్కా. మీరు చెవిగారు అంటారే, ఆ మనిషిని."

"మిషను కదా."

"గొంతు మాత్రమే మిషనుది. ఇనేది మేము. మాట్లాడగూడదు మాకు, ప్రశ్నలు తప్ప ఏమీ అడగగూడదు. నేనే ఉండబట్టలేక రొయ్యల మాట అడిగితి. మా పక్క రొయ్యలు యాడుండాయి?" అని ఆగింది. "సముద్రం గూడా నేను చూళ్ళేదు. అందుకే అడిగితి. మీవోళ్ళు దానికి ఎంత మాట చెప్పిరి."

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఇన్ని కార్తెలుగా నేను మిషనుకనుకుని చెప్పుకున్నవన్నీ ఒక పిల్ల విన్నది. నా కారు పిచ్చి, పిన్నితో దెబ్బలాట, బాబాయ్ ఉపవాసం. ఎక్కడో ఎండిన నేల మీద, చిన్న గదిలో కూర్చుని.

"నీకిది రోజూ ఉండే ఉద్యోగమా?" అన్నాను.

"యాడి ఉద్యోగమక్కా. పిలిచిన పొద్దు పోతాము, పిలవకపోతే లేదు. నేను గూడా పిలుపు మనిషినే."

"మరి ఇలా చేస్తే నీ పని పోదూ? సంస్థవాళ్ళకు తెలిస్తే?"

"నేను రాసిందే వాళ్ళు నమ్ముతారు. తెలిస్తే అప్పుడు చూసుకుందాం."

"వద్దమ్మా. నా కారు కోసం నీ కూడు పోగొట్టుకోకు. ఎందుకు చేస్తున్నావ్ ఇదంతా?"

ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"ఇప్పుడు చాప మీద ఉండేది మీరు. ఆడ ఉండేవాళ్ళకి వదిలేదానికి ఎందుకని అడగగూడదు. మీరే గదా చెప్పింది" అంది. మళ్ళీ టక్కుమంది. చప్పిడి గొంతు తిరిగి వచ్చేసింది. 'ఈ దినము పనికి వెళ్ళితిరా? పిలుపు వదిలితిరా?'

అప్పుడొచ్చింది ఏడుపు, పొద్దుటి నుంచి రానిది. గాలిమర కింద కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఆ పిల్ల అంతా విన్నది. చివరికి నా బదులు తనే చెప్పింది, ఆ మిషను గొంతుతో. 'నమోదు చేసితిమి. సమాధానము తృప్తికరము.'

స్వాతి, ఆకాశం తేటగా ఉన్న రోజు

ఇది కూడా సొంతానికే రాసుకుంటున్నాను.

తుఫాను మమ్మల్ని తప్పించుకుని ఎటో పోయింది. హస్త, చిత్త దాటాయి. సంస్థ నుంచి మనిషి వచ్చి రుణం మంజూరైందని చెప్పి, బిళ్ళ ఇచ్చేయమన్నాడు. ఒక్క నిమిషం ఆగమని గోడ చాటుకు వెళ్ళాను.

"చెల్లీ, ఉన్నావా? నీ పేరైనా చెప్పవే" అన్నాను బిళ్ళతో. "ఇన్నాళ్ళూ చెవిగారూ చెవిగారూ అని పిలిచాను."

ఆ పిల్ల గొంతు గుసగుసగా వచ్చింది. "కుళ్ళాయమ్మ."

"ఏ ఊరు?"

అప్పటికే బిళ్ళ మీది దీపం ఆరిపోయింది.

ఇవాళ కారు తెచ్చాను. రావులపాలెం నుంచి గట్టు దాకా నీళ్ళలోంచి నేనే నడిపాను. బుద్ధిబండ్లన్నీ ఒడ్డున ఆగిపోయి ఉంటే, వాటి పక్క నుంచి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు. అడ్డా జనమంతా గట్టు మొదట్లోనే ఎదురొచ్చారు. సూరిబాబు ముందు సీటు కోసం పరుగెత్తాడు గానీ, పిన్ని వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ముందు సీట్లో ఏసుపాదం బాబాయ్‌ని కూర్చోబెట్టాం. ఆయన ముఖం కాస్త తేరుకుంది. ఒళ్ళో క్యారేజీ ఉంది, రెండు గిన్నెలదీ.

సాయంత్రం పేరు రాయించాలన్నారు. ఇక్కడ బండి కొంటే వెనక అద్దం మీద పేరు రాయించకుండా ఎవరూ తిప్పరు. పెయింటర్‌ని పిలిచారు. పిన్ని తన అమ్మవారి పేరు రాయించమంది. ఏసుపాదం బాబాయ్ బైబిల్లో మాట ఏదైనా బావుంటుందన్నాడు. సూరిబాబు తన పేరు రాయించమన్నాడు, కారణం కూడా చెప్పలేదు. కాసేపు అందరూ వాదించుకున్నారు.

"కుళ్ళాయమ్మ అని రాయండి" అన్నాను పెయింటర్‌తో.

అందరూ నా వంక చూశారు. మా గట్టు మీద ఆ పేరు గలవాళ్ళు లేరు, మా చుట్టాల్లోనూ లేరు. పిన్ని ఎవరే అని అడగబోయింది. నా ముఖం చూసి ఊరుకుంది. మిగిలినవాళ్ళు కూడా ఏమీ అడగలేదు.

పెయింటర్ తెల్లరంగు కలుపుకుని అద్దం మీద మొదటి అక్షరం పెట్టాడు. ముందు సీట్లోంచి ఏసుపాదం బాబాయ్ మెల్లగా దిగి, వెనక్కి నడిచి వచ్చి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఇంకాస్త పెద్దగా రాయవయ్యా. ఆ అమ్మాయి ఎవరో, ఎంత దూరాన ఉందో ఏంటో, కనపడాలి కదా" అన్నాడు.